టీనేజ్ పిల్లలతో ప్రేమ, స్నేహం, హద్దుల మీద వీడియోలు తీయిస్తే తల్లిదండ్రులు గొడవ చేస్తారా?

మాకైతే గొడవ కాలేదు. నేను చీపురుపల్లి వైపు ఒక హైస్కూల్లో టీచర్ని. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఇలాంటి చిన్న వీడియోలు తీయించాను. మా వైపు చాలామంది తండ్రులు హైదరాబాద్‌కో చెన్నైకో పనులకు వలస పోతారు. పిల్లలు తల్లి దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటారు, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ ఫోన్లో ఎవరేం అడుగుతున్నారో అన్న టెన్షన్ తల్లులకు ముందే ఉంది. అక్కడి నుంచి మాట మొదలుపెడితే చాలామంది ఒప్పుకుంటారు.

స్క్రిప్టు మాత్రం మీరు రాయకండి. మనం రాస్తే అది ప్రార్థన సమయంలో ఇచ్చే ఉపన్యాసం అయిపోతుంది. మావాళ్లనే రాయమంటే ఏం రాశారో చూడండి: ఇన్‌స్టా పాస్‌వర్డ్ ఇవ్వలేదని అలగడం, ‘ఆన్‌లైన్‌లో ఉండి రిప్లై ఇవ్వవేం’ అని నిలదీయడం, బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటిదాకా వెనకే రావడం. ‘పాపం, ఒప్పేసుకోవే’ అని స్నేహితురాళ్లే ఒత్తిడి చేయడం కూడా రాశారు. అది నాకైతే తట్టేది కాదు.

అన్నిటికన్నా కష్టపెట్టిన సీను చూడటానికి చాలా చిన్నది. అమ్మాయి ‘నాకు ఇష్టం లేదు’ అంటుంది, అబ్బాయి ‘సరే’ అని వెళ్లిపోవాలి. మా కుర్రాడికి ఆ ‘సరే’ దగ్గరే ఆగడం రాలేదు. ఒకసారి ‘నీకోసం ఎన్నాళ్లయినా ఆగుతా’ అని తగిలించాడు. ఇంకోసారి తల దించుకుని విషాదం ఒలకబోశాడు. వీడియో తీస్తున్న అమ్మాయికి విసుగొచ్చి, ‘ఏట్రా ఆ ఏడుపు మొకం? సైకిలెక్కి ఎల్లిపో, అంతే!’ అంది. వెంటపడేవాడినే హీరోగా చూస్తూ పెరిగినవాడు, వాణ్ని మాత్రం ఏమంటాం? ఆఖరికి ‘సరే. రేపు లెక్కల నోట్సు ఇస్తావా?’ అని డైలాగు వాడే మార్చుకున్నాడు. మేం తీసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా అమ్మాయి వెంట పదేపదే పడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని అప్పుడే చెప్పాను. మగపిల్లలు నోరెళ్లబెట్టారు. విడిగా క్లాసు పీకితే ఇంత తలకెక్కేది కాదనుకుంటా.

మీ ఊళ్లో నిజంగా జరిగిన కథ జోలికి వెళ్లకండి. పేర్లు మార్చినా పల్లెటూళ్లో ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. లైంగిక వేధింపులకు గురైన పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, స్కూలు లాంటి వివరాలు బయటపెట్టడాన్ని 2012 నాటి పోక్సో చట్టం నిషేధించింది కూడా. యూట్యూబ్‌లో పెట్టడం నా వరకు వద్దనే అంటాను, ఆడపిల్లల వీడియోల కింద వచ్చే రాతలు మీకు తెలియనివి కావు. మేం పేరెంట్స్ మీటింగ్‌లో చూపించాం, అంతే.

రిహార్సల్ జరిగేటప్పుడు ఒక లేడీ టీచర్‌ని తప్పకుండా ఉంచండి. ఇలాంటి మాటలు నడుస్తుంటే ఏ పిల్లో, ఏ పిల్లాడో పక్కకు వచ్చి తన బాధ చెప్పొచ్చు. అది లైంగిక వేధింపైతే ‘ఇంట్లో చెప్పొద్దు మేడం’ అని బతిమాలినా మనలోనే దాచుకోవడానికి లేదు, పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టమే చెబుతోంది. ఏం చేయాలో పాలుపోకపోతే ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.