మీ నాన్న గురించి పుస్తకం రాసే ముందు

చిరంజీవికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన పేజీలు శ్రద్ధగా చదివాను. బావ సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేసి అందరికీ పంచాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. నాయకుల జీవితాలు రాయడానికి ఎవరో ఒకరు ఉంటారు. పల్లె వడ్రంగి జీవితం ఇంట్లోవాళ్ళు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

కష్టజీవి, నిజాయితీపరుడు, కుటుంబం కోసమే బతికిన మనిషి అని మొదటి పేజీ నిండా రాశావు. అన్నీ నిజాలే. కానీ పేరు మార్చి ఆ పేజీని ఎవరి తండ్రికైనా పెట్టుకోవచ్చు. దాన్ని పక్కన పెట్టి ఆయన చేతి పని దగ్గర మొదలుపెట్టు.

ఆయన చేసిన వస్తువులు ఊళ్ళో ఇంకా ఉన్నాయి. ద్వారబంధాలు, ఉయ్యాలలు, పాత నాగళ్ళు, కొట్టాల్లో మూలపడ్డ బండి చక్రాలు. వాటి దగ్గరికి వెళ్ళు, ఫొటో తియ్యి, కొలతలు రాసుకో. ఒక్క చక్రం గురించి సరిగ్గా రాసినా మనిషి పనితనం తెలిసిపోతుంది. తుమ్మ మొద్దును నెలల తరబడి చెరువులో నాననిచ్చి, నీడన ఆరబెట్టాక గానీ బావ ఉలి పెట్టేవాడు కాదు. పచ్చి కర్రతో చేస్తే ఎండలకు బిగువు వదిలి చక్రం ఆకులు, అంటే మధ్య దుంగ నుంచి చుట్టుకు పోయే కర్రలు, కదులుతాయి. చక్రం చుట్టూ కమ్మి, అంటే ఇనుప పట్టా, ఎక్కించే రోజు సంగతి మాత్రం వదలొద్దు. ఇనుప కమ్మిని చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువకే కోసి అతికిస్తారు. చుట్టూ పిడకలు పేర్చి కాలిస్తే ఇనుము సాగుతుంది. ఎర్రగా ఉండగానే నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, కర్ర అంటుకునేలోగా నీళ్ళు కుమ్మరిస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఇనుము ముడుచుకుంటూ చుట్టు చెక్కల్నీ ఆకుల్నీ మధ్య దుంగలోకి నొక్కేస్తుంటే కీళ్ళన్నీ కిర్రుమంటాయి. ఆ 'కాస్త తక్కువ' ఎంతో తేల్చే పని మీ నాన్నది. మరీ తగ్గిస్తే ఆకులు విరుగుతాయి. చాలకపోతే వేసవిలో కమ్మి జారిపోతుంది. ఆ లెక్క ఆయన ఏ కాగితం మీదా వేయలేదు, కర్రను చూసి చెప్పేవాడు. ఇది రాస్తే "నైపుణ్యం గల వ్యక్తి" అన్న మాటతో నీకు పనే ఉండదు.

ఊళ్ళోవాళ్ళను అడిగేటప్పుడు "మా నాన్న ఎలాంటివాడు?" అని అడగొద్దు. కొడుకు అడిగితే బంగారంలాంటి మనిషి అనే అంటారు. వస్తువు చూపించి అడుగు. ఇది ఏ చెట్టు కర్ర, ఎందుకు చేయించుకున్నారు, ఎప్పటికి ఇచ్చాడు, ఆలస్యమైతే ఏమన్నాడు? మాట దానంతటదే వస్తుంది. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, అందరికీ తెలిసిన సంగతులతో పట్టుకో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. రామారావు మొదటిసారి ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి. మునసబు, కరణాల ఉద్యోగాలు పోయింది 1984. గోదావరికి పెద్ద వరద వచ్చింది 1986 ఆగస్టు. "ఉప్పెనకు ముందా, తర్వాతా?" అంటే ముసలివాళ్ళు తడుముకోకుండా చెప్తారు.

కూలి సంగతి కూడా రాయి. మొదట్లో నాగలి చెక్కినా, కాడి బాగుచేసినా చేతికి డబ్బు వచ్చేది కాదు. పంట నూర్చాక కళ్ళంలో గింజలు కొలిచేవారు. పంట పోతే ఆయన గింజలూ పోయినట్టే. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, బండ్లకు రబ్బరు టైర్లు వచ్చాయి, చక్రాల పని తగ్గిపోయింది. నడివయసులో ఆయన తలుపులు, కిటికీల పనికి మళ్ళాడు. ఆ మధ్య కాలంలో ఇల్లు ఎలా గడిచిందో మీ అమ్మకే తెలుసు. గింజలు మళ్ళీ పంట దాకా ఎలా సరిపెట్టింది, మీ అక్క చదువు మానకుండా ఎవరు పట్టుబట్టారు, అన్నీ అడుగు. నీ పేజీల్లో మా చెల్లెలి పేరు ఒక్కచోటే ఉంది, నాకు అది బాధనిపించింది. ఆమె లేకుండా ఆయన పని కొట్టం నడవలేదు.

"మమ్మల్ని ప్రాణంగా చూసుకున్నాడు" అన్న వాక్యం తీసెయ్. మీ నాయనమ్మ నడుం వంగిపోయాక వంటింటి తలుపు గడియను జానెడు కిందికి దించి బిగించాడు, నీకు గుర్తుందో లేదో. పాత గడియ మేకుల బెజ్జాలు పైన ఇంకా కనిపిస్తాయి. ఆ తలుపు ఫొటో పెట్టి, కింద రెండు ముక్కలు రాయి, చాలు.

ఆయన కోపం కూడా రాయొచ్చు. ఉలి పదును పాడుచేస్తే ఎవరినీ వదిలేవాడు కాదు. ఒప్పుకున్న గడువు దాటించిన రోజులూ ఉన్నాయి. అవి దాస్తే చదివినవాళ్ళు మిగతాదీ నమ్మరు. కానీ ఎవరు ఎంత బాకీ ఉన్నారన్నది మాత్రం అచ్చులో వద్దు. వాళ్ళ పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు.

బాడిశ, బరమా, చిత్రిక, మూలమట్టం, ఇలా ప్రతి పనిముట్టునూ ఆయన ఏ పేరుతో పిలిచాడో అదే పేరు వాడు. మీ పిల్లలకు అర్థం కాదనిపిస్తే పక్కన బొమ్మ గీయించు. పనిముట్లకు రంగు వేసి అద్దాల బీరువాలో పెడతానని రాశావు, రంగు వద్దు. బాడిశ పిడి ఆయన బొటనవేలు ఆనేచోట అరిగిపోయి ఉంది, అది అలాగే కనబడాలి.

అచ్చుకు ఇచ్చేముందు మీ అమ్మకు, ఇద్దరు ముగ్గురు పాత రైతులకు మొత్తం చదివి వినిపించు. తప్పులు వాళ్ళే పట్టుకుంటారు.

అన్నిటికంటే ముందు కమ్మరి తాతను కలవాలి. కమ్మి ఎక్కించేటప్పుడు మీ నాన్న ఎదురుగా నిలబడ్డవాడు ఆయనొక్కడే మిగిలాడు. చెవులు సరిగ్గా వినబడటం లేదు, పొద్దున పూట అయితే ఓపిగ్గా మాట్లాడతాడు. వచ్చే ఆదివారం వెళ్దాం, ఫోన్‌లో రికార్డు చేసుకుందువు. బయల్దేరే ముందు నాకు చెప్పు, నేనూ వస్తాను.

మీ మామయ్య