పాజ్‌లో నిలిచిన ఆట, సగంలో ఆగిన లెక్క

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. మా మామయ్య వాళ్ల ఇంటి అటక మీద ఆయన చిన్ననాటి టీవీ గేమ్ దొరికితే ఇంటికి తెచ్చుకున్నాను. అందులో సూపర్ మారియో ఆడుతున్నాను. ఆటను సేవ్ చేసుకునే వీలు లేదు కనుక, హోంవర్క్ వేళకు పాజ్ నొక్కి, టీవీ అలాగే వదిలి లెక్కలు చేసుకుంటాను. మొన్న నానమ్మ సీరియల్ కోసం వైరు తీసేయడంతో ఏడో వరల్డ్ దాకా వచ్చిన ఆట పోయింది. ఇంట్లో గొడవ కూడా అయింది. రోజుకు గంటే ఆడమని నాన్నగారు అంటున్నారు. గంటలో ఆ ఆట పూర్తి కాదు. రెండూ సాగే మార్గం చెప్పగలరా?
- ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: ముందుగా నానమ్మగారి పక్షాన ఒక మాట. ఒకే టీవీ ఉన్న ఇంట్లో ఆటను పాజ్‌లో పెట్టి వెళ్లడమంటే, బస్సు సీట్లో తువ్వాలు వేసి టీ తాగడానికి దిగిపోవడమే. ఆమె తప్పేమీ లేదు.

ఇక నీ ఇబ్బంది విషయానికి వద్దాం. 1985లో నింటెండో సంస్థ జపాన్‌లో విడుదల చేసిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఈనాటి ఫోనుతో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. 8 వరల్డ్‌లు, ఒక్కొక్క దానిలో 4 స్టేజీలు, చేతిలో 3 లైఫ్‌లు మాత్రమే ఉన్న అంత చిన్న ఆట నెలల తరబడి పిల్లలను కూర్చోబెట్టగలిగిందంటే, ఓడిన ప్రతిసారీ మొదటికి రప్పించడమే అందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. నీ ఏడో వరల్డ్ పోయినప్పుడు కలిగిన బాధ ఆ పద్ధతిలోంచి వచ్చినదే.

అయితే గంటలో పూర్తి కాదన్న నీ మాటను లెక్క వేసి చూద్దాం. తెర మీద 400 నుంచి తగ్గుతూ, సున్నాకు చేరితే లైఫ్ పోగొట్టే అంకెను చాలామంది సెకన్లనుకుంటారు, కానీ అవి సెకన్లు కావు. జపాన్, అమెరికా యంత్రాల్లో ఒక్కొక్క అంకె తగ్గడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. మన దగ్గర దొరికిన నకలు యంత్రాల్లో కొన్ని కాస్త నెమ్మదిగా నడిచినా, అర సెకను మించదు. అంటే ఒక స్టేజీ ఎంత నిదానంగా ఆడినా 3 నిమిషాల 20 సెకన్లు దాటదు. లైఫ్ పోకుండా ఆడితే ఒక వరల్డ్‌కు పావుగంట కూడా పట్టదు. పైగా ఈ ఆటలో అడ్డదారులు ఉన్నాయి. మొదటి వరల్డ్ రెండో స్టేజీ చివర, పైకప్పు మీదుగా నడిచి వెళితే నాలుగో వరల్డ్‌కు చేర్చే గొట్టం కనిపిస్తుంది. నాలుగో వరల్డ్ రెండో స్టేజీలో దాగి ఉన్న తీగను పట్టుకుని ఎక్కితే ఎనిమిదో వరల్డ్‌కు వెళ్లే గొట్టం దొరుకుతుంది. ఈ దారిన ఆట పూర్తి కావడానికి ఆడవలసినవి ఎనిమిది స్టేజీలే, అంటే గరిష్ఠంగా అరగంటలోపే. ఆరితేరినవారు ఇదే ఆటను అయిదు నిమిషాల లోపు ముగిస్తున్నారు. మరొక సంగతి: గేమ్ ఓవర్ అయ్యాక, మొదటి తెర మీద ఎ బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఓడిన వరల్డ్ మొదటి స్టేజీ నుంచే ఆట మొదలవుతుంది. వైరు తీయకుండా ఉంటేనే ఇది పనిచేస్తుందని గుర్తుంచుకో.

కాబట్టి సేవ్ లేకపోవడం నీ అసలు సమస్య కాదు. ఓడిపోయిన మరుక్షణం 'ఇంకొక్కసారి' అనిపించడమే అసలు సమస్య. నాన్నగారితో గంటల లెక్క కాకుండా ఆటల లెక్క మాట్లాడుకో. రోజుకు రెండు ఆటలు. రెండోసారి గేమ్ ఓవర్ పడితే స్వయంగా నువ్వే స్విచ్ ఆపాలి. గడియారం చూసి ఆపమంటే సరిగ్గా స్టేజీ మధ్యలో ఆపవలసి వస్తుంది, గొడవలన్నీ అక్కడే పుడతాయి. పై లెక్కను నోటుబుక్కులో వేసి ఆయనకు చూపించు, ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

హోంవర్క్‌ను మాత్రం ఆటకు ముందే పూర్తి చేయాలి. పక్క గదిలో మారియో గాలిలో ఆగి ఉండగా త్రికోణమితి లెక్క ముందుకు సాగదు. సగం మనసు ఆ గుంత దాటడం మీదే ఉంటుంది. లెక్కలను కూడా నిమిషాలతో కాక అభ్యాసాలతో కొలువు. ఒక అభ్యాసం పూర్తయ్యాకే లేవాలి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాక అడాప్టరును నానమ్మగారి బీరువాలో దాచమని ఇవ్వు. ఆమెతో రాజీ కూడా కుదురుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో ఎమ్యులేటర్ (పాత గేమ్ యంత్రంలా పనిచేసే యాప్) పెట్టుకుని పాత ఆటలు ఆడుతున్నాడు. ఇప్పటి ఆటల్లాగా ఇవి వ్యసనం కావని వాదిస్తున్నాడు. నిజమేనా?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: సగం నిజమండీ. ఆ ఆటలు నోటిఫికేషన్లు పంపవు, రోజూ వస్తే బహుమతి అంటూ ఆశ పెట్టవు. కానీ 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ వంటివి నాణేలు వేసి ఆడే యంత్రాల కోసం తయారైనవి. ఓడినవాడు మరో నాణెం వేయాలన్నదే ఆ వ్యాపారం. నాణెం అయిపోతే ఆట ఆగేది. ఫోనులో ఆ నాణెం లేదు. ఎమ్యులేటర్‌లో ఏ క్షణంలోనైనా ఆటను భద్రపరచుకోవచ్చు కనుక, 'మధ్యలో ఆపలేనమ్మా' అనే మాటను మీరు ఒప్పుకోనక్కరలేదు. అయితే తప్పు చేసిన ప్రతిసారీ వెనక్కి తిప్పుకునే సౌకర్యాన్ని వాడవద్దని చెప్పండి; దానితో గేమ్ ఓవర్ అన్నదే రాదు, లేచే సందర్భమూ రాదు. చదువుకునే వేళ ఫోను మీ దగ్గరే ఉంచుకోండి, ఎందుకంటే అందులో ఉన్నవి పాత ఆటలు మాత్రమే కావు.

ప్రశ్న: రాత్రి చదువు ముగిశాక, పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆట ఆడి పడుకుంటే, కళ్లు మూసినా ముక్కలు పడుతూనే కనిపిస్తున్నాయి. ఇది జబ్బా?
- డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కాదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన ఈ ఆటతో హార్వర్డ్‌కు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం చేసిన పరిశోధన 2000లో సైన్స్ పత్రికలో వెలువడింది. ఆట ఆడినవారిలో చాలామందికి నిద్ర పట్టే వేళ అవే ముక్కలు కనిపించాయి. జ్ఞాపకశక్తి దెబ్బతిని, తాము ఆట ఆడిన సంగతే గుర్తులేని రోగుల్లోనూ కొందరికి అలా కనిపించాయి. నిద్రకు ముందు మనసు రోజంతా చేసిన పనిని మళ్లీ తిప్పుకుంటుందన్నమాట. మీరు వరుస మార్చి చూడండి: ఆటను సాయంత్రానికి జరిపి, పడుకునే ముందు అరగంట మరునాటి పాఠం చదవండి.