బంతి బెలూన్ మాదిరి ఎందుకు కనబడింది?

ప్రశ్న: అన్నా, మాది ధర్మవరం. డిగ్రీ రెండో సంవత్సరం, యానిమేషన్ తీసుకున్నా. ఈ సెమిస్టర్‌కి రెండు ప్రాజెక్టులు ఇచ్చినారు, ఒకటి ఎవరికి వాళ్లు చేయాల్సిన 12 సెకన్ల యానిమేషన్, ఇంకోటి నలుగురం కలిసి 3 నిమిషాల డాక్యుమెంటరీ. నేను బంతి ఎగిరేది చేస్తే సార్ చూసి, ఇది బంతి కాదు బెలూన్ మాదిరి ఉంది అన్నారు. సరే అని మార్చి, కంప్యూటర్ ఒక్కో ఫ్రేమును పూర్తి బొమ్మగా తయారుచేసే రెండర్ రాత్రి పెట్టి పండుకున్నా, నడిజామున కరెంటు పోయింది, నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, పొద్దున చూస్తే ఫైల్ ఓపెన్ కాలేదు. ఏడుపొచ్చింది. మా నాయన మగ్గం నేస్తాడు, పొద్దస్తమానం కూచుని ఒక బొమ్మను జరుపుతా ఉంటావు, ఇదేం చదువు పాపా అంటాడు. ఫ్రెండ్సేమో ఇక్కడ ఏమీ రాదు, హైదరాబాద్ పోయి ఇన్‌స్టిట్యూట్‌లో చేరు అంటారు, దానికి లక్షల్లో ఫీజు. ఏం చేయమంటావు?

జవాబు: చెల్లెమ్మా, ముందు బంతి సంగతి చూద్దాం, ఎందుకంటే నువ్వు నేర్చుకోవాల్సింది సగం ఆ బంతిలోనే ఉంది. మీ సార్ సరిగ్గా చెప్పినారు, కాకపోతే ఎందుకో చెప్పలేదు. నువ్వు బంతిని ప్రతి ఫ్రేముకీ, అంటే వీడియోలో వరసగా వచ్చే ఒక్కో బొమ్మకీ, ఒకే దూరం జరిపి ఉంటావు, అవునా? నిజం బంతి అట్లా పడదు, కిందికొచ్చే కొద్దీ స్పీడు పెరుగుతుంది. నాలుగడుగుల ఎత్తు నుంచి వదిలితే నేల తగిలేదానికి పట్టేది సుమారు అర సెకను, సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి 12 ఫ్రేములు. అందులో మొదటి 6 ఫ్రేముల్లో బంతి దిగేది ఒక్క అడుగే. మిగతా మూడడుగులూ తర్వాతి 6 ఫ్రేముల్లోనే పడిపోతుంది. ఈ తేడా లేకపోతే ఎంత రంగులేసినా, ఎంత నీడ పెట్టినా అది గాల్లో తేలే బెలూనే.

నా మాట నమ్మాల్సిన పని లేదు. మీ ఇంటి గోడ మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీయి, అడుగుకొకటి, తమ్ముడినో చెల్లినో పిలిచి రబ్బరు బంతి వదలమను, ఫోన్లో స్లోమోషన్ పెట్టి తీసి ఒక్కో ఫ్రేము ఆపి చూడు. పైన బంతులు దగ్గర దగ్గరగా, కింద దూరం దూరంగా కనిపిస్తాయి. దాన్నే మనోళ్లు స్పేసింగ్ అంటారు, మొత్తం ఎన్ని ఫ్రేములు పట్టింది అనేది టైమింగ్. ఈ రెండూ చేతికొస్తే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. నేను చదువుకునేటప్పుడు ఈ పని చేయకుండా నెల రోజులు క్యారెక్టర్ మొహానికి మెరుగులు పెట్టుకుంటా కూచున్నా, చివరికి సబ్మిట్ చేసే రోజు నా బొమ్మ నడిస్తే నేల మీద జారుతున్నట్టు ఉండింది, ఆ బాధ నీకు రాకూడదనే ఇంత పొడుగు చెప్తున్నా.

రెండర్ గురించి. ఇకమీదట నేరుగా వీడియో ఫైల్‌గా రెండర్ పెట్టొద్దు, పీఎన్‌జీ ఇమేజ్ సీక్వెన్స్‌గా పెట్టు, అంటే ఒక్కో ఫ్రేము ఒక్కో విడి బొమ్మ ఫైల్‌గా వస్తుంది. 12 సెకన్లంటే 288 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 5 నిమిషాలు పట్టిందనుకో, సరిగ్గా 24 గంటలు, మన ఊర్లలో 24 గంటలు కరెంటు పోకుండా ఉంటాదని ఎవరు చెప్పగలరు? సీక్వెన్స్ అయితే 200 దగ్గర కరెంటు పోయినా 201 నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఎంపీఫోర్ ఫైల్‌కి దాన్ని తెరిచేదానికి కావాల్సిన వివరమంతా మామూలుగా చివర్లో రాస్తారు, అందుకే మధ్యలో ఆగిపోతే ఉన్న కాస్తా ఓపెన్ కాదు, నీకు జరిగింది అదే. బొమ్మలన్నీ వచ్చినాక బ్లెండర్ అనే ఫ్రీ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే వీడియో ఎడిటర్‌లో కలుపుకో, డబ్బు కట్టే పని లేదు. బ్లెండర్ వాడుతుంటే అందులోని రెండర్ పద్ధతుల్లో సైకిల్స్ అనేది వదిలేసి ఈవీ అనేదాంట్లో పెట్టు, చానా టైము మిగులుతుంది. లాప్‌టాప్ మరీ మొరాయిస్తే త్రీడీ పక్కన పెట్టి క్రిటాలోనో ఓపెన్‌టూన్జ్‌లోనో టూడీలో చెయ్యి, రెండూ ఫ్రీ, మార్కులేం తగ్గవు.

టూడీలో కటౌట్ బొమ్మ, అంటే కాళ్లూ చేతులూ విడి ముక్కలుగా కలిపి ఆడించే బొమ్మ, చేద్దామనుకుంటే నీకు ఇంకెవరికీ లేని గురువులు పక్కనే ఉన్నారు. మీ మండలంలోనే నిమ్మలకుంట, తోలుబొమ్మలవాళ్ల ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక్కసారి పోయి ఆ బొమ్మల కీళ్లు చూడు. మేకతోలు ముక్కలు భుజం దగ్గర, మోచేయి దగ్గర దారంతో ముడేసి ఉంటాయి, ముడి ఎక్కడుంటే చెయ్యి అక్కడి నుంచే తిరుగుతుంది. నువ్వు కంప్యూటర్లో పివట్ అని పెట్టేది ఆ ముడినే. పివట్ అంగుళం పక్కకు పోయినా చెయ్యి విరిగినట్టు కనపడుతుంది, వాళ్లకు ఆ లెక్క కొన్ని తరాల నుంచి చేతుల్లో ఉంది.

మీ నాయన మాటకు వస్తా. ఆయనకు నువ్వు చెప్పే చదువు కొత్త కాదమ్మా. మగ్గానికి డిజైన్ నేసేదానికి పెట్టే జకార్డు మీద అట్టలు తిరుగుతాయి కదా, ఒక్కో అట్ట ఒక్కో పేకకి ఏ పడుగు పోగులు లేవాలో చెప్తుంది, ముందు గ్రాఫ్ పేపర్ మీద గడి గడికీ వేసుకున్న డిజైనే ఆ అట్టల్లో రంధ్రాలవుతుంది. ఒక పువ్వు పూర్తిగా రావాలంటే ఎన్ని అట్టలు కావాలో ఆయన్నే అడుగు. చివరి అట్టను మొదటి అట్టకు కలిపి కుడతారు కాబట్టి అదే పువ్వు అంచంతా మళ్లీ మళ్లీ వస్తుంది. నీ బొమ్మ నడక సైకిల్, అంటే మళ్లీ మళ్లీ తిప్పి వాడే అడుగుల వరస కూడా అంతే, చివరి ఫ్రేము మొదటి ఫ్రేముకు అతకాల, అతకకపోతే ప్రతి అడుగుకూ ఎగిరిపడుతుంది. నీ ఫ్రేములు ఒక్కోటి జరిపి ఆయనకు చూపించు, తిట్టడు, తప్పెక్కడుందో నీకంటే ముందు ఆయనే పట్టుకుంటాడు.

అందుకే డాక్యుమెంటరీ కూడా మీ ఇంట్లోనే తీయండి. పట్టుచీరల చరిత్ర మొత్తం 3 నిమిషాల్లో చెప్పాలని పోవద్దు, అట్టలోని రంధ్రం చీర మీద పువ్వు ఎట్లా అవుతుంది అనే ఒక్క ప్రశ్న చాలు. షాట్ సరిగా రాకపోతే రేపు మళ్లీ తీసుకోవచ్చు, అది పెద్ద సౌకర్యం. మగ్గం ఆపి నాయన మాటలు రికార్డు చేయండి, మగ్గం చప్పుడు విడిగా ఒక నిమిషం తీసిపెట్టుకోండి, ఎడిటింగ్‌లో రెండూ కలపొచ్చు. నలుగురిలో ఒకరు శబ్దం పనే చూసుకోవాల. అందరూ కెమెరా పట్టుకోవాలంటే ప్రాజెక్టు చెడిపోతుంది.

హైదరాబాద్ విషయంలో, ఇప్పుడైతే అప్పు చేసి పోవద్దు అనే నా సలహా. పని ఇచ్చేవాళ్లు ముందు షోరీల్, అంటే నీ పనులు కలిపి చూపించే చిన్న వీడియో, చూస్తారు, నిమిషం నిడివి చాలు, బాగా వచ్చిన షాట్లు మాత్రమే. ఈ రెండు ప్రాజెక్టులు చివరిదాకా పూర్తి చేసి నాకు మళ్లీ రాయి, అప్పుడు నీకు ఏది రాలేదో నీకే తెలిసి ఉంటుంది, అది నేర్పే చోటు వెతుకుదాం.

ప్రశ్న: సార్, మాది కడప. క్లాసు ప్రాజెక్టు కోసం ఫోన్లో ఇంటర్వ్యూ తీస్తే వెనక నల్లటి చారలు పైకీ కిందికీ పారుతున్నాయి. ఫోన్ చెడిపోయిందా?

జవాబు: ఫోన్ బాగుంది బాబూ, అది ట్యూబ్‌లైట్ పని. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, మన కంటికి తెలీదు కెమెరాకు తెలుస్తుంది. ఫోన్ మామూలుగా సెకనుకు 30 ఫ్రేముల్లో తీస్తుంది, ఆ 30కీ లైటు 100కీ లెక్క కుదరదు. కెమెరాలో సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకి పోయి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/50 పెట్టు. నీ ఫోన్లో ఆ ఆప్షన్ లేకపోతే లైటు ఆపేసి, మాట్లాడే మనిషిని పొద్దున పూట కిటికీకి ఎదురుగా కూచోబెట్టి తీయి.