ఇంటి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా హాల్లో పాత బల్బుల నాటి డిమ్మర్ ఉందండీ. దానికి 9 వాట్ల ఎల్ఈడీలు ఐదు పెట్టాం. వెలుగు తగ్గిస్తే మినుకుతున్నాయి, బోర్డులోంచి జుయ్‌మని చప్పుడు. ఒక బల్బు పోయింది కూడా. ఏ డిమ్మర్ కొనాలి, ఎలా బిగించాలి?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: డిమ్మర్ కన్నా ముందు బల్బు పెట్టె చూడండమ్మా. దాని మీద ‘డిమ్మబుల్’ అని లేకపోతే ఎంత ఖరీదైన డిమ్మరైనా దండగే. ప్రభుత్వ ఉజాలా పథకంలో వచ్చిన 9 వాట్ల బల్బులు ఆ రకం కావు.

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 100 అరతరంగాలు. పాత డిమ్మర్‌లోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ప్రతి అరతరంగంలో మొదటి ముక్క కోసేసి మిగిలింది పంపుతుంది. ఫిలమెంటు ఆ కాస్తలో చల్లారదు కనక పాత బల్బుల్లో తేడా కంటికి ఆనేది కాదు. ఎల్ఈడీలో డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజి ఒక్కసారిగా వచ్చి పడితే దాని కెపాసిటర్‌లోకి కరెంటు దూకుతుంది. చప్పుడూ వేడీ దానివల్లే, బల్బు పోవడమూ అందుకే.

అలాంటి డిమ్మర్ వెనక ‘60–400 వాట్లు’ వంటి అంకెలుంటాయి. మీ ఐదు బల్బులూ కలిపి 45 వాట్లే, కనీస లోడుకు చాలవు. పోనీ ఇంకొన్ని పెడదామంటే, ఈ రకం మీద ఎల్ఈడీ లోడు రాసిన దాంట్లో పదో వంతు, అంటే 40 వాట్లు దాటనివ్వకూడదని ఎలక్ట్రీషియన్ల లెక్క. కిందా కుదరదు, పైనా కుదరదు. తీసేయండి.

కొట్లో ‘ట్రెయిలింగ్ ఎడ్జ్’ లేదా ‘ఎల్ఈడీ డిమ్మర్’ అని అడగండి. ఇది తరంగం చివరి ముక్క కోస్తుంది, వోల్టేజి సున్నా నుంచి మెల్లగా ఎక్కుతుంది. ఎల్ఈడీకి 5–150 వాట్లు వంటి పరిధి విడిగా రాసి ఉన్నదే తీసుకోండి. బల్బులన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయితేనే కలిసి తగ్గుతాయి.

బిగించేటప్పుడు ఆ లైనుకు కరెంటు ఆపే ఎంసీబీ ఒక్కటే దించితే చాలదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో లైట్ల లైనుకు దాన్నుంచీ కరెంటు వస్తుంది, దాన్నీ ఆపాలి. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు వేరే ప్లగ్గులో చూసుకుని, తర్వాతే బోర్డు విప్పాలి. ఎర్ర ఫేజు తీగ స్విచ్‌లోంచి డిమ్మర్ ‘ఎల్’ గుర్తుకు, డిమ్మర్ రెండో కొస నుంచి హోల్డర్‌కు వెళ్తుంది. నల్ల న్యూట్రల్ నేరుగా హోల్డర్‌కే. కొన్ని డిమ్మర్లకు న్యూట్రల్ కూడా కావాలి, దాన్ని అదే లైను నుంచి తీసుకోండి. పక్క లైనుది కలిపితే కరెంటు లీకైనప్పుడు సరఫరా ఆపే ఆర్‌సీసీబీ పడిపోతుంది. తీగ చివర మర కింద పట్టేంతే ఒలిచి, బిగించాక లాగి చూడండి. బయట రాగి కనబడకూడదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వదులు మర తొందరగా చిలుం పట్టి వేడెక్కుతుంది.

కొన్ని డిమ్మర్లకు పక్కన చిన్న మర ఉంటుంది. నాబ్ పూర్తిగా తగ్గించి, మినుకుడు ఆగేదాకా ఆ మర తిప్పితే కనీస వెలుగు అక్కడ నిలుస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం డిమ్మర్ సరిగా పనిచేయదు, సైన్ వేవ్‌ది ఉండాలి.

ప్రశ్న: ఫ్యాన్ రెగ్యులేటర్‌తో బల్బు తగ్గించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: వద్దండీ. స్టెప్పుల రెగ్యులేటర్‌లో కెపాసిటర్లు ఫ్యాన్ మోటారుకు లెక్కగట్టి పెట్టినవి. ఎల్ఈడీ వాటితో తగ్గకపోవచ్చు, లేదా మినుకుతుంది. కొత్త డిమ్మర్ ఖర్చు వద్దనుకుంటే స్విచ్ ఆపి వేస్తే మూడు మెట్లలో వెలుగు మారే బల్బులు దొరుకుతున్నాయి. వాటికి మామూలు స్విచ్ చాలు.

ప్రశ్న: స్విచ్ ఆపినా బల్బు సన్నగా వెలుగుతోంది. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: స్విచ్‌లో ఆపినప్పుడు వెలిగే ఎర్ర ఇండికేటర్ ఉంటే, దాని గుండా కారే కొద్దిపాటి కరెంటు చాలు ఎల్ఈడీ అలా వెలగడానికి. అది భయపడాల్సింది కాదు. అలాంటి ఇండికేటర్ లేని స్విచ్ అయితే వైరింగులో ఫేజుకు బదులు న్యూట్రల్‌ను స్విచ్‌కు ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో 230 వోల్టులు ఉంటాయి, బల్బు మార్చే చేతికి షాక్ కొడుతుంది. ఎంసీబీ దించి బల్బు తీసి, స్విచ్ ఆపి, ఎంసీబీ మళ్లీ ఎక్కించి, హోల్డర్‌ను ఎలక్ట్రీషియన్ చేత టెస్టర్‌తో చూపించండి. టెస్టర్ గట్టిగా వెలిగితే తీగలు సరిచేయించేదాకా ఎంసీబీ దించకుండా ఆ హోల్డర్ ముట్టుకోకండి.