అమ్మాయి పర్చేజ్ విభాగంలో చేరితే పరువు తక్కువా?

ఒడిశాలోని రాయగడ నుంచి చింతపండు, అల్లం, జీడిపిక్కల టోకు వ్యాపారం చేసే ఒక తండ్రి ఉత్తరం రాశారు. వారి అమ్మాయి బి.కామ్. పూర్తి చేసింది. హైదరాబాదులోని ఒక సంస్థ సప్లై చైన్ అనలిటిక్స్‌లో, అంటే సరుకుల కొనుగోలు, నిల్వ, రవాణా లెక్కలను కంప్యూటరుతో విశ్లేషించే పనిలో, రెండేళ్ల కోర్సుకు 8 లక్షల రూపాయలు అడుగుతూ, ఉద్యోగం ఖాయమని చెబుతోంది. బంధువులేమో పర్చేజ్ అంటే కమీషన్లు తినే కొలువని, స్టోర్స్ అంటే గోదాములో సామాను లెక్కపెట్టే పని అని ఎత్తిపొడుస్తున్నారు. ఈ కోర్సు, మామూలు ఎంబీఏ, మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ (సరుకుల కొనుగోలు, నిల్వల నిర్వహణ) డిప్లొమా, ఈ మూడింటినీ పోల్చి ఏది మేలో చెప్పమని ఆయన అడిగారు.

అయ్యా, పోలిక చెబుతాను. కానీ మిమ్మల్ని బాధిస్తున్నది కోర్సుల సంగతి కాదు. పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఎందరో తల్లిదండ్రులు ఇదే ప్రశ్న అడిగారు. పైకి అడిగేది ఫీజు గురించే అయినా, చదువుకున్న పిల్ల గోదాములో పనిచేస్తుందంటే నలుగురిలో ఏమని చెప్పుకోవాలన్న సంకోచమే అందరిలోనూ కనిపించింది. కాబట్టి ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

కమీషన్ల మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. డబ్బు చేతులు మారే ప్రతి చోటా ఆ ప్రలోభం ఉంటుంది, అందుకే ఈ వృత్తి నియమాలన్నీ దాన్ని అడ్డుకునేలా కట్టినవే. సరుకు కావాలని ఇండెంటు పెట్టేది ఒకరు, ఆర్డరు ఇచ్చేది మరొకరు, గేటు దగ్గర సరుకు చూసి తీసుకునేది ఇంకొకరు, బిల్లు చెల్లించేది వేరొకరు. పర్చేజ్ ఆర్డరు, సరుకు ముట్టిన రసీదు, వెండరు (సరుకు అమ్మేవాడు) పంపిన ఇన్వాయిస్ మూడూ కలిస్తేనే డబ్బు కదులుతుంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు, సంస్థలు 2016లో మొదలైన జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్ మీద కొంటున్నాయి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇచ్చేవాడు కూడా నేరుగా నేరస్థుడే. ప్రతి నిర్ణయానికీ కారణం ఫైలులో రాసిపెట్టే అలవాటున్న మనిషికి ఈ ఉద్యోగంలో భయపడవలసింది లేదు, మీ అమ్మాయి అకౌంట్స్ చదివిందంటే ఆ అలవాటులో సగం ఆమెకు ఇప్పటికే వచ్చింది.

ఇక ఈ పనిలో బుద్ధికి చోటెక్కడ అన్నది. ఒక కాగితపు మిల్లులో పంపుకు బేరింగు కావాలనుకుందాం. కోల్‌కతా వెండరు 18,000 రూపాయలకు ఇస్తానంటాడు. రవాణా మనదే, డబ్బు ముందే కట్టాలి, సరుకు ఆరు వారాలకు వస్తుంది. విశాఖ వెండరు 21,000 అంటాడు. మిల్లు గేటు దాకా తెచ్చే ఖర్చు ఆయనదే, 30 రోజుల అరువు ఇస్తాడు, నాలుగు రోజుల్లో సరుకు దించుతాడు. తక్కువ ధర చూసి మొదటిది తీసుకుంటే, ఆ ఆరు వారాల్లో ఇప్పుడు వాడుతున్న బేరింగు పాడైతే పంపు ఆగుతుంది, పంపుతో పాటు మెషీనూ ఆగుతుంది. అలాగని రెండోదే ఎప్పుడూ సరైనదని కూడా కాదు. పక్కన స్టాండ్‌బై పంపు ఉండి, స్టోర్సులో ఇంకో బేరింగు ఉంటే కోల్‌కతా ధరే మేలు కావచ్చు. పేరున్న బ్రాండ్ల బేరింగులకు నకిలీలు వస్తాయి గనుక, ఆ వెండరు కంపెనీ గుర్తించిన డీలరేనా అన్నది కూడా చూడాలి. ఇవన్నీ మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌తో మాట్లాడి, స్టోర్సు రిజిస్టరు చూసి, ఫోను చేసి కనుక్కుంటేనే తెలుస్తాయి.

అదే దమన్‌జోడిలో ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో కర్మాగారానికి వస్తే లెక్క మారిపోతుంది. బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా తీయాలంటే కాస్టిక్ సోడా తప్పనిసరి, దాని బదులు వాడదగినది లేదు, అంతర్జాతీయ ధరలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, దిగుమతి సరుకు విశాఖ రేవులో దిగి కొండ ఎక్కాలి. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువకు ఇచ్చేవాడిని ఎంచుకునే పద్ధతి ఒక్కటే ఇక్కడ చాలదు. ఖర్చు ఎంత పెద్దది, సరఫరా ఆగిపోయే ప్రమాదం ఎంత ఉంది అన్న రెండు ప్రశ్నలతో కొనుగోళ్లను నాలుగు తరగతులుగా విడదీయమని మేనేజ్‌మెంట్ సలహాదారు పీటర్ క్రాల్జిక్ 1983లో చెప్పిన పద్ధతిని ఈ రంగంలో ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారంటే కారణం ఇదే. సునాబెడాలో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ వారి విమాన ఇంజిన్ల విభాగంలోనైతే, ఏ ముడిలోహం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పత్రం లేని భాగాన్ని ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోరు.

మీకు చెబుతున్న హైదరాబాదు కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అనలిటిక్స్ పనికిరానిదని కాదు. ఎంత సరుకు ఎప్పుడు ఆర్డరు చేస్తే ఖర్చు తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1913లోనే రాశాడు, నేటి సాఫ్ట్‌వేర్లు అంతకంటే ఎన్నో రెట్లు మెరుగ్గా లెక్క కడతాయి. చిక్కు ఎక్కడంటే, ఆ లెక్కకు అందే సమాచారం దగ్గర. ఒక కర్మాగారం కంప్యూటరులో 6205 నంబరు బేరింగు ఒకచోట కంపెనీ పేరుతో, మరొకచోట 'బాల్ బేరింగ్ 25 ఎంఎం' అని, ఇంకొకచోట ఏదో పంపు విడిభాగంగా మూడు కోడ్ల కింద ఉందనుకోండి. ఒక కోడ్ కింద పది ఉన్నా, రెండో కోడ్ కింద సున్నా కనబడి సాఫ్ట్‌వేరు మళ్లీ కొనమంటుంది. ఆ మూడూ ఒకటేనని పట్టుకోగలిగేది బేరింగును చేతిలోకి తీసుకుని దాని అంచు మీద చెక్కిన నంబరు చదివిన మనిషి. స్టోర్సులో ఒక్క ఏడాది కూడా గడపకుండా కంప్యూటరు తెర మీద లెక్కలు చూపే డాష్‌బోర్డులు మాత్రమే నేర్చుకున్న పిల్లలు పైవాళ్లకు రిపోర్టులు తయారుచేసే పనిలో ఇరుక్కుని, నిర్ణయం తీసుకునే కుర్చీ దాకా రాలేక దిగులు పడడం చూస్తున్నాను. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసినప్పుడు, ఏ వెండరుకు ఫోను చేస్తే ప్రత్యామ్నాయం దొరుకుతుందో తెలిసినవాళ్లే అక్కరకు వచ్చారు.

ఉద్యోగం ఖాయమన్న మాటకు విలువ కట్టాలంటే, పోయిన బ్యాచిలో ఎవరు ఏ కంపెనీలో ఏ హోదాలో చేరారో కాగితం మీద అడగండి. ఆ కాగితం ఇవ్వడానికి వెనకాడితే 8 లక్షలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇప్పుడు మీకు కాస్త కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మూడు పేజీల ఉత్తరంలో బంధువులు ఏమన్నారో వివరంగా రాశారు గాని, అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. వేసవిలో కొన్న చింతపండును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అద్దె, వడ్డీ, తరుగు లెక్క వేసుకుని, ఎప్పుడు అమ్మాలో మీరు నిర్ణయిస్తారు. అది నిల్వల నిర్వహణే, పుస్తకాల్లో చెప్పేదీ అదే. ఆ లెక్కల దగ్గర అబ్బాయిని కూర్చోబెట్టుకున్నానని మీరే రాశారు; బి.కామ్. చదివిన అమ్మాయిని ఒక్కనాడైనా కూర్చోబెట్టారా? మీరు జీవితమంతా చేస్తున్న పనినే ఆమె కర్మాగారంలో చేస్తే పరువు తక్కువ ఎలా అవుతుంది?

ఆమెకు ఇక్కడ బలాలున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగిన పిల్ల విశాఖ వెండరుతోనూ భువనేశ్వర్ ఆఫీసుతోనూ సమానంగా బేరమాడగలదు. చిన్న పరిశ్రమలకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. 2023 ఫైనాన్స్ చట్టం వచ్చాక, గడువు దాటితే ఆ మొత్తాన్ని ఆదాయపు పన్ను లెక్కలో చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలి. పన్ను, కొనుగోలు ఇలా ముడిపడిన చోట కామర్స్ చదివినవాళ్ల మాట చెల్లుతుంది. రక్షణ గురించి కూడా అడిగారు: పర్చేజ్ ఆఫీసు పని సాధారణంగా పగటి వేళలదే, స్టోర్సులో మాత్రం కొన్ని చోట్ల షిఫ్టులుంటాయి గనుక చేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

పోలిక క్లుప్తంగా ఇది. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చి పేరున్న సంస్థలో సీటు దొరికితే ఎంబీఏ మంచిదే, లేకపోతే తొందర లేదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమాను ఉద్యోగం చేసుకుంటూ చదవవచ్చు, నేనైతే ముందు అదే సూచిస్తాను. గల్ఫ్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే బ్రిటన్‌కు చెందిన కొనుగోలు వృత్తి సంస్థ సిప్స్ ఇచ్చే అర్హత తర్వాత ఉపయోగపడుతుంది, దాని ఖర్చు పౌండ్లలో ఉంటుంది. అనలిటిక్స్ నాలుగేళ్ల అనుభవం వచ్చాక నేర్చుకుంటే దేన్ని లెక్కపెడుతోందో ఆమెకు తెలిసి ఉంటుంది.

మొదటి అడుగు మాత్రం ఏ కోర్సూ కాదు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో పట్టభద్రుల అప్రెంటిస్‌షిప్‌కు ఆమె చేతనే పేరు నమోదు చేయించండి. అందులో స్టైపెండ్ కూడా ఇస్తారు. దగ్గరలోని కర్మాగారాల ప్రకటనలు గమనిస్తూ, స్టోర్స్ లేదా పర్చేజ్ విభాగం కావాలని దరఖాస్తులోనే రాయమనండి. ఈలోగా ఆమెకు ఏ సందేహం వచ్చినా ఉత్తరం ఆమెనే రాయనివ్వండి, జవాబు నేరుగా ఆమెకే ఇస్తాను.