వాండా జాక్సన్ 2011 ఆల్బమ్ రెండు పాటలకే తలనొప్పి తెప్పించింది, నాకేనా?

మీ ఒక్కరికే కాదు లెండి. 73 ఏళ్ల గాయని రాకబిల్లీ (అమెరికా పల్లెపాటలైన కంట్రీ, నల్లవారి బ్లూస్ కలిసి 1950ల్లో పుట్టిన తొలి రాక్ అండ్ రోల్) పాడిందని ఎవరో గొప్పగా చెబితే 'ది పార్టీ ఐంట్ ఓవర్' పెట్టుకున్నానని, రెండో పాట దాటలేకపోయానని రాశారు. నేనూ మొదట ఇయర్‌ఫోన్స్ తీసి పక్కన పడేశాను. కానీ ఆ గోల ఆవిడది కాదు, ప్రొడ్యూసర్, రాక్ గిటారిస్టు జాక్ వైట్‌ది. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఒక పక్క, కీచుమనే గిటార్ ఇంకో పక్క, వాటి మధ్యలోంచి ఆవిడ గొంతు వెతుక్కోవాలి.

అసలు రాకబిల్లీకి ఇంత సరంజామా అక్కర్లేదు. 1954లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ తొలి రికార్డులు చేసినప్పుడు డ్రమ్స్ కూడా లేవు, ముగ్గురే మనుషులు. వాళ్లలో బిల్ బ్లాక్ తన నిలువెత్తు బేస్ వాద్యం తీగల్ని లాగి వదిలేవాడు, అవి చెక్కకు తగిలి టక్కుమంటుంటే అదే తాళం అయిపోయేది. గొంతు వెనకాల వినిపించే ఆ చిన్న ప్రతిధ్వని అదే పాటని క్షణం ఆలస్యంగా మళ్లీ వినిపించే రెండో టేప్ మెషీన్ చలవ. మీ దగ్గర గిటారూ డిలే పెడలూ (ప్రతిధ్వని తెప్పించే చిన్న పెట్టె) ఉంటే 120 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి, ప్రతిధ్వని ఒక్కసారే వచ్చేలా ఉంచి వాయించి చూడండి, చటుక్కున అర్థమవుతుంది. మా ఇంట్లో నేను రాత్రిపూట చేసే పని అదే, పక్క ఫ్లాట్ వాళ్లు ఇప్పటిదాకా ఏమీ అనలేదు!

కాబట్టి ముందు పాత వాండాని వినండి. ఓక్లహోమా అమ్మాయి, 1937లో పుట్టింది. కంట్రీ పాటలు పాడుకుంటుంటే, 1955లో కలిసి టూర్ చేసిన ఎల్విస్ నువ్వూ రాకబిల్లీ పాడమని వెంటపడ్డాడు. 'లెట్స్ హావ్ ఎ పార్టీ'ని 1958లో పాడితే రెండేళ్లు ఆల్బమ్‌లో మూల పడి ఉంది, అయోవాలో ఒక రేడియో డీజే తన షోకి వాడుకోవడం మొదలుపెట్టాక 1960లో గానీ హిట్ కాలేదు. 'ఫుజియామా మామా' అమెరికాలో ఎవరికీ పట్టలేదు, జపాన్‌లో నంబర్ వన్. ఆ గొంతులో ఒక గరుకు ఉంటుంది, చరణం చివర గొంతు చించుకుంటున్నట్టే ఉంటుంది కానీ శ్రుతి తప్పదు. మన ఎల్.ఆర్. ఈశ్వరి పాటలు ఇష్టమైతే ఇది ఇంకా తొందరగా ఎక్కుతుంది.

అవి విన్నాక 2011కి రండి, మొదటి పాట నుంచి మాత్రం కాదు. బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ పాట 'యూ నో ఐయామ్ నో గుడ్' పెట్టండి. అందులో ఒక చరణం మరీ పచ్చిగా ఉందని, తను పాడనని వాండా అంటే (1971 నుంచి గట్టి భక్తురాలు) వైట్ మాటలు మార్చాడు. ఇరవై దాటిన అమ్మాయి తన తప్పు తను చెప్పుకునే పాట డెబ్బై దాటిన గొంతులో వింటే వేరే రకంగా గుచ్చుకుంటుంది, ఇక్కడ ఆ ట్రంపెట్లు కూడా సరిపోయాయి. తర్వాత నేరుగా చివరి పాటకి పోండి. పాతకాలపు కంట్రీ గాయకుడు జిమ్మీ రోడ్జర్స్ 'బ్లూ యోడెల్ నం. 6' (యోడెల్ అంటే గొంతును ఒక్కసారిగా పైస్థాయికి విరిచి పాడే పద్ధతి). ఒక్క గిటార్, ఆవిడ, అంతే. గొంతు సన్నబడింది, పైస్థాయికి విరిచి ఎత్తే చోట కాస్త తడబడుతున్నట్టు ఉంటుంది గానీ యోడెల్ పడాల్సిన చోటే పడుతుంది. ఆల్బమ్ మొత్తం ఇలాగే చేసి ఉంటే ఎంత బావుండేది అని నాకు ఇప్పటికీ కడుపుమంట.

ఇది నచ్చితే మరుసటి ఏడాది వచ్చిన 'అన్‌ఫినిష్డ్ బిజినెస్' వినండి. ప్రొడ్యూసర్ జస్టిన్ టౌన్స్ ఎర్ల్, కంట్రీ గాయకుడు స్టీవ్ ఎర్ల్ కొడుకు. రాకబిల్లీ తక్కువ, కంట్రీ, బ్లూస్ ఎక్కువ. జాక్ వైట్ ఆల్బమ్‌కి వచ్చినంత పేరు దీనికి రాలేదు, కానీ ఆవిణ్ణి తన మానాన తనని పాడనిచ్చింది మాత్రం ఇతనే.