మీ అత్తగారి ఫోన్ నిండిపోయిందంటే

అమ్మాయీ,

మీ అత్తగారి ఫోన్‌లో మళ్లీ 'స్టోరేజ్ ఫుల్' అని వస్తోందని, కొత్తది కొనాలేమోనని రాశావు. కొనకు. 64 జీబీ ఆవిడకి చాలకపోవడమేంటి? తెల్లారేసరికి నాలుగు గ్రూపుల నుంచి దిగే గులాబీలు, వేంకటేశ్వరస్వామి, ఆ రోజు పంచాంగం, మోకాళ్ల నొప్పి చిట్కాల వీడియోలు నింపేస్తున్నాయి. ఆవిడ తెరిచినా తెరవకపోయినా అవి ఫోన్‌లోకి దిగిపోతాయి. కుళాయి కట్టకుండా నేల తుడుస్తూ కూర్చుంటే ఏం లాభం?

కుళాయి ఎక్కడుందంటే, వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' తెరిచి కిందికి వెళ్లు. 'మీడియా ఆటో డౌన్‌లోడ్' కింద మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ అని మూడుంటాయి. అందరూ మొదటిదాంట్లో టిక్కులు తీసేసి పనైపోయిందనుకుంటారు. రోజంతా ఇంటి వైఫై మీదే ఉండే ఫోన్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు. వైఫైలో కూడా ఫొటోలు, ఆడియో, వీడియోలు, డాక్యుమెంట్లు నాలుగూ తీసెయ్యి. వాయిస్ మెసేజ్‌లు ఎలాగూ వాటంతటవే దిగుతాయి, మనవరాలి ముద్దుమాటలకు ఢోకా లేదు. ఇకనుంచి బొమ్మలు మసగ్గా, మీద బాణం గుర్తుతో వస్తాయి. కళ్లజోడు మార్చాలేమోనని ఆవిడ కంగారుపడకముందే చెప్పు, కావాల్సినదాని మీద నొక్కితే తేటగా వస్తుందని.

ఇక తుడవడం. అక్కడే పైన 'మేనేజ్ స్టోరేజ్' ఉంది. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒక గడిలో, 5 ఎంబీ దాటినవి ఇంకో గడిలో ఉంటాయి. కింద ఏ గ్రూపు ఎంత మింగిందో, పెద్ద తిండిపోతు ముందు. ఫార్వర్డ్‌ల గడి కళ్లు మూసుకుని ఖాళీ చేసినా నష్టం ఉండదు. పెద్దవాటి గడి మాత్రం ఆవిడని పక్కన కూర్చోబెట్టుకునే ముట్టుకో. బారసాల వీడియో ఉండేది అందులోనే. ఏదైనా గ్రూపు మొత్తం ఊడ్చెయ్యాలంటే, ఉంచాల్సినవాటికి ముందుగా స్టార్ పెట్టు. 'క్లియర్ చాట్' నొక్కినప్పుడు స్టార్ పెట్టినవి కూడా తీసెయ్యాలా అని ఒక టిక్కు గడి వస్తుంది. అది ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్లు.

దేవుడి బొమ్మలు తీసెయ్యడానికి ఆవిడకి చేతులు రావు. వాదించకు. నచ్చినదొకటి ఏరమని, దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టు. మిగతావి ఆవిడే తీసేస్తుంది.

గ్యాలరీలోంచి తీసినవాటితో ఒక చిక్కుంది. చాలా ఫోన్లలో అవి 'బిన్'లో 30 రోజులు అలాగే కూర్చుంటాయి. వందల ఫొటోలు తీసినా జాగా రాలేదేంటని తిట్టుకునేవాళ్లంతా బిన్ ఖాళీ చెయ్యనివాళ్లే.

ఒక్కచోట మాత్రం చెయ్యి జారకూడదు. ఫోన్ సెట్టింగ్స్‌లో వాట్సాప్ పేరు నొక్కితే 'క్లియర్ క్యాష్', 'క్లియర్ డేటా' పక్కపక్కనే ఉంటాయి. మొదటిది నొక్కితే ఏమీ కాదు. రెండోది నొక్కితే యాప్ కొత్తగా వేసినట్టవుతుంది, బ్యాకప్ లేకపోతే పోయిన మీ మామగారి గొంతుతో ఉన్న మెసేజ్‌లు కూడా పోతాయి.

బ్యాకప్ అన్నాను కదా. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ ఖాతాలోని ఉచిత 15 జీబీలోంచే జాగా తీసుకుంటుంది, జీమెయిల్, ఫొటోలు కూడా అందులోంచే. అది నిండితే మెయిళ్లు రావడం ఆగిపోతుంది. అందుకని 'చాట్ బ్యాకప్'లో వీడియోలు కలిపే స్విచ్ ఆపెయ్యి.

నెలకోసారి, పాలవాడి లెక్క చూసే రోజున, ఫార్వర్డ్‌ల గడి ఖాళీ చేస్తే చాలు. రెండు నిమిషాల పని, ఆవిడకే నేర్పు.

మీ పెద్దమ్మ